దేహమునకు బలమిచ్చు చక్రము

(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)

ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమును చూడ వచ్చినవారు, ఇందు ఎన్ని పుస్తకములున్నవని అడుగుట వాడుక. ఆ పుస్తకములు ఎన్నిసారులు చేతులు మారినవని అడుగుట అంతకంటె సరియైన ప్రశ్న. బీరువాలో కదలక నిలిచిన వేయి పుస్తకములకంటె, ఇంటింటికి పోయివచ్చి అట్టలు నలిగిన నూరు పుస్తకములు ఊరికి ఎక్కువ మేలు చేయును. మనిషి దేహమునందు బలము నడచు తీరును ఇట్టిదే. అందు నిలువ స్వల్పము, రాకపోకలు అపారము. ఆ బలము దేనియందున్నది, ఎచట పుట్టుచున్నది, అది ఆగిన ఏమగును అనునవి నేటి ప్రసంగమునకు విషయములు. ఆ పదార్థమును మొదట కనుగొన్నవారిలో ఒకరు భీమవరమున పుట్టిన తెలుగువారు. ఈ సంగతి ప్రతి తెలుగు గ్రామమునందును తెలిసియుండవలసినది.

రైతు తెల్లవారుజామున జొన్నరొట్టె తిని పొలమునకు పోయి గడ్డపార ఎత్తును. రొట్టెలో బలమున్నదని అందరును ఎరుగుదురు. కాని గడ్డపార ఎత్తునది భుజపు కండరము. రొట్టె ఉన్నది కడుపులో. కండరము బిగియుటకు పట్టు కాలము రెప్పపాటు. రొట్టె అరుగుటకు పట్టు కాలము కొన్ని గంటలు. కనుక రొట్టెకును కండరమునకును నడుమ మరియొక పదార్థము సిద్ధముగా నిలిచియుండవలెను. అన్నమునుండి బలమును అందుకొని, అడిగిన క్షణముననే కండరమునకు అందించు ఆ పదార్థమేమి? ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున శరీరశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది. కండరములలో పుట్టు లాక్టిక్ ఆమ్లమే ఈ పనికి మూలమని నాటి పండితుల అభిప్రాయము. కండరముల పనిని పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్ అనువారలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. అంతటివారి వాక్యమును కాదనుట సులభము కాదు. కాదనినది ఒక నీలిరంగు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిన ఆ విద్యార్థికి కళాశాలనుండి లభించినది పెద్ద పట్టము కాదు, ఎల్.ఎం.ఎస్. అను చిన్న పట్టము మాత్రమే. స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ దుఃఖము ఆయనను జీవితాంతము వెంబడించినది. మద్రాసునందలి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, పిదప భార్యను, బంధువులను విడిచి అమెరికాకు పయనమైరి. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. బోస్టను నగరమున పగలు చదువుచు, రాత్రులయందు ఆసుపత్రిలో కూలిపని చేయుచు పొట్టపోసికొనిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని వద్ద ఆయనకు దొరకిన పని పైకి చూచుటకు స్వల్పమైనది. రక్తమూత్రాదులలో భాస్వరము ఎంతయున్నదో కొలుచుటకు సరియైన పద్ధతిని ఏర్పరచుట ఆ పని. ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలిరంగు వచ్చును. భాస్వరము హెచ్చుకొలది రంగు చిక్కనగును. ఆ చిక్కదనమును బట్టి పరిమాణము తెలియును. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అను పేరున ప్రపంచమందలి రసాయనశాలలన్నింటికి చేరినది.

ఇదే పద్ధతిని కండరపు రసమునకు వర్తింపజేయగా ఒక వింత కనబడినది. నీలిరంగు వెంటనే రావలసియుండగా మెల్లమెల్లగా వచ్చెను. మరియొకరైనచో చేతిలోని తప్పని తలచి వదలివేసియుందురు. వీరు వదలలేదు. కండరములో భాస్వరము ఏదో సున్నితమైన పదార్థముతో కూడియున్నదనియు, పరీక్ష జరుగుచున్నప్పుడు ఆ పదార్థము విడిపోవుచున్నందువలన రంగు ఆలసించుచున్నదనియు గ్రహించిరి. ఆ పదార్థము ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి ప్రకటితమైనది. కండరము అలసినప్పుడు అది తరుగును, విశ్రమించినప్పుడు తిరిగి పెరుగును. లాక్టిక్ ఆమ్లపు సిద్ధాంతమునకు మొదటి బీట ఇచటనే పడినది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము ముడుచుకొనగలదని చూపగా ఆ సిద్ధాంతము కూలిపోయెను.

ఫాస్ఫోక్రియాటిన్ తరువాత, 1929లో ఫిస్క్, సుబ్బారావుగారలు కండరమునుండి మరియొక భాస్వర పదార్థమును వేరుపరచిరి. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పేరు పొడవైనది గనుక లోకము దానిని ఏ.టి.పి. అని పిలుచుచున్నది. న్యాయము చెప్పవలెనన్న, అదే సంవత్సరమున జర్మనీలో మేయర్‌హాఫ్ పరిశోధనశాలయందు కార్ల్ లోమాన్ అనునతడును దీనిని వేరుగా కనుగొనెను. ఇరుపక్షములవారును స్వతంత్రముగ కృషిచేసినవారే. లోమాన్ పేరును మరుగుపరచి సుబ్బారావుగారిని పొగడవలసిన అవసరము లేదు. లోమాన్ పేరు మాత్రమే వ్రాసి సుబ్బారావుగారిని మరచుట అంతకంటెను తగదు.

ఈ ఏ.టి.పి. ఎట్టిది? ఒక చిన్న తలకు మూడు భాస్వరపు ముడులుగల తోక అనుకొనవచ్చును. చివరి ముడి విడిపోవునప్పుడు బలము వెలువడును. ఆ బలముతో కండరము ముడుచుకొనును, నరము వార్త పంపును, కాలేయము తన వంటపని సాగించును, గాయము మానును. ముడి విడిపోగా మిగిలినది రెండు ముడులుగల ఏ.డి.పి. దానికి మరల మూడవ ముడి వేసినచో తిరిగి ఏ.టి.పి. అగును. ఈ రాకపోకలు ఊపిరియున్నంత కాలము సాగుచుండును.

ఒక క్షణమున మనిషి దేహమంతటను ఉండు ఏ.టి.పి. పావుకిలోకు మించదు. కాని ఒక దినమున ఖర్చగు ఏ.టి.పి.ని లెక్కకట్టినచో, రమారమి ఆ మనిషి బరువంత తేలును! ఉన్న కొద్దిపాటి పదార్థమే దినమునకు కొన్ని వందల సారులు విడిపోయి, తిరిగి ముడిపడుచున్నదన్నమాట. ప్రారంభమున చెప్పిన గ్రంథాలయపు లెక్క ఇదే: పుస్తకములు కొన్నియే, చేతులు మారుట అనేకసారులు. గ్రంథాలయములో తిరిగివచ్చిన పుస్తకమును మరల ఇచ్చుటకు ఒక వ్యక్తి కూర్చుండియుండును. దేహములో ఆ పని చేయునదెవరు?

జవహర్‌నగర్ వాసులకు ఈ సంగతి బోధపరచుటకు దృష్టాంతమును దూరమునుండి తేవలసిన పని లేదు. 2020లో ఈ ఊరిలో చెత్తను మండించి విద్యుత్తు పుట్టించు కేంద్రము పని ప్రారంభించినది. అచట చెత్త మండును. ఆ వేడికి నీరు ఆవిరియగును. ఆవిరి చక్రమును త్రిప్పును. చక్రము తిరుగగా విద్యుత్తు పుట్టును. పొయ్యిలో పడినది కాగితమైనను, గుడ్డపేలికయైనను, తీగెలో పారునది ఒకే విద్యుత్తు. దేహమునందును అట్లే: తిన్నది వరియన్నమైనను, జొన్నరొట్టెయైనను, గుడ్డైనను, పప్పైనను, చివరకు తయారగునది ఒకే ఏ.టి.పి. భేదమేమనగా దేహములో మంటయు లేదు, ఆవిరియు లేదు. చక్రము మాత్రము ఉన్నది! ఇది అలంకారముగ చెప్పిన మాట కాదు. నిజముగ తిరుగు చక్రమే.

ఆ చక్రమును చేరుటకు ముందు చెరువును చూడవలెను. శామీర్‌పేట చెరువు కట్ట అందరును ఎరిగినదే. కట్టకు ఒకవైపు నీరు ఎత్తున నిలుచును. రెండవవైపు పొలములు పల్లమున ఉండును. తూము తెరచినచో నీరు తనంత తానే పారును. ఎత్తుపల్లముల తేడాయే అందలి బలము. నాగార్జునసాగరమున అదే తేడా పెద్ద చక్రములను త్రిప్పి విద్యుత్తు నిచ్చుచున్నది.

దేహమందలి ప్రతి జీవకణమున, ఎఱ్ఱ రక్తకణముల వంటి కొన్నింటిలో తప్ప, మైటోకాండ్రియా అను సూక్ష్మమైన తిత్తులు కలవు. వాని లోపల ఒక పొర మడతలు మడతలుగ ఉండును. ఆ పొర మందము మిల్లీమీటరులో రమారమి రెండులక్షలవ వంతు. అదే ఇచటి చెరువుకట్ట. అన్నము అరిగి వచ్చిన పదార్థములనుండి ఎలక్ట్రానులు ఈ పొరలోని మెట్లమీదుగా దిగుచు పోవును. కట్టకడపటి మెట్టున ఊపిరితో లోనికి వచ్చిన ప్రాణవాయువు వానిని అందుకొని నీరుగా మారును. ఎలక్ట్రానులు దిగునప్పుడు వెలువడు బలముతో ప్రోటానులు, అనగా ఎలక్ట్రాను పోగొట్టుకొన్న హైడ్రోజను కణికలు, పొరకు ఆవలివైపునకు తోడివేయబడును. చెరువు నిండినట్లు అవి ఆవల క్రిక్కిరిసి, తిరిగి ఈవలికి రావలెనని త్రోయుచుండును.

ఈ ఆలోచనను 1961లో ప్రకటించినవాడు ఇంగ్లండు దేశీయుడు పీటర్ మిచెల్. నాటి పండితులలో పలువురు దీనిని నమ్మలేదు. అతడు ఆరోగ్యము చెడి 1963లో విశ్వవిద్యాలయమును వీడి, కార్న్‌వాల్ ప్రాంతపు పల్లెపట్టున ఒక పాత భవనమును బాగుచేసికొని, అందే చిన్న పరిశోధనశాల నెలకొల్పెను. కొద్దిమంది సహాయకులతో ఏండ్లతరబడి పనిచేసి తన మాటను నిలుపుకొనెను. 1978లో నోబెల్ బహుమానము ఆ పల్లెను వెదకికొని వచ్చినది. పెద్ద నగరములలోనే పెద్ద విద్య పుట్టునని తలచువారు ఈ కథను గుర్తుంచుకొనవలెను.

చెరువు నిండినది, తూము ఎక్కడ? ఆ పొరలో అచటచట నాటుకొనియున్న ఏ.టి.పి. సింథేజ్ అను ఎంజైమే ఆ తూము. దాని తలభాగము వెడల్పు మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు. దాని అడుగుభాగము పొరలో ఇమిడియున్న ఒక వలయము. ప్రోటానులు ఆ వలయపు ప్రక్కగా దారి చేసికొని వచ్చుచు దానిని త్రిప్పును. పశువులయందును మనుష్యులయందును ఎనిమిది ప్రోటానులు దాటగా వలయము ఒక చుట్టు పూర్తిచేయును. వలయము నడుమనుండి ఒక ఇరుసు పైకి నిలిచియుండును. వలయముతోబాటు ఇరుసును తిరుగును. ఇరుసు చుట్టును తలభాగమున మూడు గదులున్నవి. తలభాగము కదలదు, ఇరుసు మాత్రము తిరుగును.

గదుల పని ఇట్లు సాగును. ఒక గదిలోనికి ఏ.డి.పి.యు భాస్వరపు ముడియు వచ్చి చేరును. రెండవ గదిలో అవి బిగియగా పట్టబడి ఏ.టి.పి. యగును. మూడవ గదినుండి సిద్ధమైన ఏ.టి.పి. వెలుపలికి పోవును. ఇరుసు మూడవవంతు చుట్టు తిరుగగనే గదుల పనులు ఒకదానికొకటి మారును. ఒక పూర్తి చుట్టునకు మూడు ఏ.టి.పి.లు. సెకనునకు వందకు పైగా చుట్లు! ఇట్టి చక్రములు ఒక్కొక్క జీవకణమున లెక్కకు మిక్కిలిగ ఉన్నవి. ఈ ప్రసంగము వినుచున్న ప్రతివారి దేహమునందును అవి ఈ క్షణమున తిరుగుచున్నవి.

గదుల పద్ధతిని ఊహించినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ బోయర్. అతడు చెప్పిన ఒక సంగతి మిక్కిలి ఆశ్చర్యకరము. గదిలో ఏ.టి.పి.ని కూర్చుటకు అంత శ్రమ లేదట. కూర్చిన దానిని గది విడిచిపెట్టునట్లు చేయుటకే చక్రపు బలము ముఖ్యముగ కావలసివచ్చునట. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో జాన్ వాకరు, పశువు గుండెనుండి తీసిన ఈ ఎంజైము తలభాగపు ఆకృతిని 1994లో తేటపరచగా, మూడు గదులును మూడు వేర్వేరు స్థితులలో ఉన్నట్లు కనబడెను. 1997లో వీరిరువురకును నోబెల్ బహుమానమున భాగము లభించినది. ఆ సంవత్సరముననే జపాను దేశమున నోజి, యోషిదా, కినోసిత మొదలగువారు ఇరుసు కొనకు వెలుగునిచ్చు సన్నని పోగును తగిలించి, అది గిరగిర తిరుగుటను సూక్ష్మదర్శినిలో కన్నులార చూచి లోకమునకు చూపిరి. ఊహగా ఉన్నది ప్రత్యక్షమైనది.

చక్రము ఆగినచో ఏమగును? దీనికి జవాబు గ్రామమునందు అందరును చూచినదే. ప్రాణము పోయిన కొన్ని గంటలకు దేహము కొయ్యబారును. కండరములోని పోగులు ఒకదానినొకటి పట్టుకొని ముడుచుకొనును. ఆ పట్టు విడుచుటకు ఏ.టి.పి. కావలెను. ఏ.టి.పి. లేనందున పట్టు విడువదు. పట్టుటకే కాదు, వదలుటకును బలము కావలెనని దీనివలన తెలియుచున్నది.

చెడుగుడు ఆడువాడు కూత విడువక ఎదుటి పక్షములోనికి దూకును. ఆ మొదటి కొన్ని సెకనులు అతనిని ఆదుకొనునది సుబ్బారావుగారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్. అది తన భాస్వరపు ముడిని ఏ.డి.పి.కి ఇచ్చి వేగముగ ఏ.టి.పి. చేయును. అది తరిగిన పిదప ప్రాణవాయువుతో పనిలేక గ్లూకోజునుండి కొంత ఏ.టి.పి. దొరకును; కాని అట్లు ఒక గ్లూకోజు కణమునకు లభించునవి రెండు మాత్రమే. ప్రాణవాయువుతో చక్రము తిరిగినచో సుమారు ముప్పది లభించును. కండరము కొంతసేపు ఆ రెంటితో నెట్టుకొనివచ్చును. మెదడునకు ఆ ఓపిక లేదు. ప్రాణవాయువు అందని మెదడు కొద్ది నిమిషములలో చెడిపోవును.

ఈ జ్ఞానము పుస్తకములకే పరిమితము కాదు. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకులలో, మురుగు కాలువల గోతులలో హైడ్రోజను సల్ఫైడు అను విషవాయువు నిలిచియుండును. అది జీవకణములోని కట్టకడపటి మెట్టును, అనగా ఎలక్ట్రానులు ప్రాణవాయువును చేరు స్థానమును, మూసివేయును. సైనైడు చంపునదియు ఈ స్థానముననే. ప్రాణవాయువు రక్తములో ఉన్నను కణమునకు ఉపయోగపడదు, చక్రము నిలిచిపోవును. ఆ వాయువు హెచ్చుగా ఉన్నచోట ముక్కు మొద్దుబారి వాసనయు తెలియదు. ఒకడు దిగి పడిపోగా, వానిని కాపాడ దిగిన రెండవవాడు, మూడవవాడు అచటనే కూలిపోవుట ఎన్నో ఊళ్లలో జరిగిన విషాదము. దిగినవాడు బలహీనుడై పడిపోలేదు. బలము పుట్టు చోటే మూతపడినది. కావున ఎంతటి దృఢకాయుడైనను రక్షణ సాధనములు లేక దిగరాదు, ఎవరిని దింపరాదు. 2013 నాటి చట్టము సైతము అట్లు దింపుటను నిషేధించినది. ప్రమాదము జరిగినచో ఊపిరి సాధనములు గల అగ్నిమాపక సిబ్బందిని పిలుచుటే సరియైన సాయము. వానకాలపు చలిలో తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి ఉంచుటయు ఇట్టి ప్రమాదమే. ఆ పొగలోని కార్బను మోనాక్సైడునకు వాసన లేదు, అది రక్తము ప్రాణవాయువును మోయనీయకుండ చేయును.

సుబ్బారావుగారి కథ ఏ.టి.పి.తో ముగియలేదు. 1940లో వారు హార్వర్డును వీడి లెడర్లే ఔషధశాలలో చేరి, పెద్ద పరిశోధక బృందమునకు నాయకులైరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి మందు దొరకవలెనను తపన అచట ఫలించినది: 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. నేడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఇనుప మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లము కలదు. బోదకాలు నివారణకు ఇంటింట పంచు డి.ఇ.సి. మాత్రయు వారి నాయకత్వమున వెలువడినదే. పిల్లల రక్తపు క్యాన్సరునకు తొలి ఔషధములును ఆ బృందమునుండియే వచ్చినవి. 1948 ఆగస్టున, ఏబదిమూడవ యేట, ఆ మహనీయుడు పరదేశమున కన్నుమూసిరి. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. ఆయన జీవించియుండగా స్వదేశములో ఆయన పేరు ఎరిగినవారు అరుదు. 1995లో, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్లను వెలువరించినది.

భీమవరపు మనిషి కొలిచిన భాస్వరము, కార్న్‌వాల్ పల్లెలో నిలిచిన ఆలోచన, అమెరికాలో ఊహించిన గదులు, కేంబ్రిడ్జిలో తేటపడిన ఆకృతి, జపానులో కనబడిన చక్రపు తిరుగుడు — ఇన్ని చేతులు మారి ఈ జ్ఞానము పూర్ణమైనది. ఒకడు సంపాదించి దాచుకొన్నచో ఇది ఏనాడో ఆగిపోయియుండును. శామీర్‌పేట ప్రాంతమున జీనోమ్ వ్యాలీ వెలసి, అచట టీకాలును ఔషధములును తయారగుచున్నవి. ఆ ద్వారములలో జవహర్‌నగర్ బిడ్డలు కాపలావారుగ, కూలీలుగ మాత్రమే అడుగిడక, శోధకులుగను అడుగిడవలెనన్న, ఆ దారి ఈ గ్రంథాలయపు బల్లమీదినుండియే మొదలుకావలెను. మూడవవంతు తిరిగిన ప్రతిసారి చక్రము తాను కూర్చినది వదలుచున్నది; అందువలననే దేహము నిలిచియున్నది. చదివిన పుస్తకమును గడువులోపల తెచ్చియిచ్చి, ప్రక్కయింటి బిడ్డకు అందునట్లు చేయుట ఈ గ్రంథాలయపు చందాదారులు నిత్యము చేయదగిన ఉపకారము.